హైలాండ్స్ కొండల గేలిక్ పేర్లకు అర్థం రాసుకోవడం ఎలా?

స్కాట్లాండ్‌ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్‌లో, కెయిర్న్‌గార్మ్ కొండల నడుమ 'కెయిర్న్ టూల్' అని ఒక శిఖరం ఉంది. ఎత్తు 1,291 మీటర్లు. అక్కడి పాత భాష గేలిక్. ఆ గేలిక్ పేర్ల పిచ్చి కొత్తగా పట్టినప్పుడు నా నోటుబుక్కులో దానికి ఎదురుగా 'చిల్లు కొండ' అని రాసేశాను. గేలిక్‌లో 'తౌల్' అంటే చిల్లు, గుంట. నిఘంటువులో ఆ మాట ఉంది, మ్యాపులో స్పెల్లింగు కూడా దగ్గరగానే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా.

తీరా చూస్తే అది 'కొట్టం కొండ'. ధాన్యం, గడ్డి దాచుకునే కొట్టాన్ని గేలిక్‌లో 'సవల్' అంటారు. 'కొట్టపు కొండ' అని చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాట ముందు ఒక 'త' వచ్చి చేరి 'స'ను మింగేస్తుంది. రాతలో ఎస్ అక్షరం అలాగే ఉంటుంది, నోట్లో మాత్రం ఉండదు. అలా 'కార్న్ అన్ తవల్' అయిన పేరు ఇంగ్లీషు మ్యాపులోకి ఎక్కేటప్పటికి 'కెయిర్న్ టూల్'గా మిగిలింది. నిఘంటువు నాకు అబద్ధం చెప్పలేదు. నేనే వేరే మాట వెతికాను.

అప్పటినుంచి నాదొకటే పద్ధతి. పేరు ఎక్కడుంది, ఎలా పలుకుతారు, పాత రాతల్లో ఎలా ఉంది, అక్కడ నిలబడితే ఏం కనిపిస్తుంది అన్నవి ముందు. అర్థం అన్నిటికంటే చివర. ఈ వరస తప్పితే ఏమవుతుందో పైన చూశారుగా.

ముందు ఒక చిన్న ముక్క పట్టుకోండి

హైలాండ్స్ మొత్తం మీద పడొద్దు. ఒక లోయ, లేదా ఒక వాగు పుట్టిన చోటు నుంచి నదిలో కలిసే దాకా ఉన్న మేర చాలు. గ్లెన్‌మోర్ నుంచి రైవోన్ కనుమ దాకా నడిచే దారి మొదటిసారికి బాగుంటుంది. దారి సులువు, మధ్యలో 'అన్ లోఖన్ ఉఅన్య' అనే చిన్న చెరువు వస్తుంది. పేరుకు అర్థం పచ్చ చెరువు, నీళ్లు కూడా నిజంగానే పచ్చగా ఉంటాయి. ఫెయిరీలు, అంటే కథల్లోని చిట్టి దేవకన్యలు, అక్కడ బట్టలు ఉతుక్కోవడం వల్ల ఆ రంగు వచ్చిందని కథ.

మ్యాపు కొనేటప్పుడు బ్రిటన్ సర్కారీ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) వాళ్ల నారింజ రంగు అట్టది, అంటే 1:25,000 స్కేలుది తీసుకోండి. గులాబీ అట్టది 1:50,000. దాంట్లో చిన్న వాగుల పేర్లు, రాళ్ల పేర్లు చాలావరకు ఎగిరిపోతాయి. మనకు కావలసినవి అవే. శిఖరాల పేర్లు వెబ్‌సైట్లలో ఎవరైనా రాస్తారు, పశువులు నీళ్లు తాగే మడుగు పేరు ఎవరూ రాయరు.

ఒక్కో పేరుకి ఒక్కో చీటీ

ఎక్సెల్ షీటు అయినా, కాగితం కార్డులు అయినా మీ ఇష్టం. నా చీటీలో ఉండేవి ఇవి: మ్యాపులో రాసిన పేరు, గేలిక్ రాత, స్థానికులు పలికే తీరు, ఆడియో ఫైలు నంబరు, గ్రిడ్ రెఫరెన్సు, అది కొండా వాగా బండరాయా అన్న సంగతి, పాత స్పెల్లింగులు సంవత్సరాలతో సహా, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, నేను ఎక్కడి నుంచి చూశాను. అర్థం గడి అడుగున ఉంటుంది, చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది.

గ్రిడ్ రెఫరెన్సు అంటే భయపడక్కర్లేదు. రెండు అక్షరాలు, ఆరు అంకెలు. కెయిర్న్ టూల్‌ది ఎన్‌ఎన్ 963 972. ఆరంకెలు వంద మీటర్ల చదరాన్ని చూపిస్తాయి, కొండకు అది సరిపోతుంది. బండరాయికి, పాత గుడిసె పునాదికి ఎనిమిదంకెలు తీసుకోండి, పది మీటర్లలో తేలుతుంది. ఫోనులో ఓఎస్ మ్యాపుల యాప్ ఉంటే నిలబడ్డ చోటే చూపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పేరు అసలు దేనిది? మ్యాపులో అక్షరాలు ఒకచోట, అసలు వస్తువు ఇంకోచోట ఉండొచ్చు. లాఖ్‌నగార్ అనే కొండనే తీసుకోండి. పేరు మొదట్లోనే 'లోఖ్' ఉంది, లోఖ్ అంటే చెరువు. కొండకు చెరువు పేరేంటి? దాని కింద ఉన్న చిన్న చెరువు పేరు పైకి పాకి కొండకు అంటుకుంది. కొండ సొంత గేలిక్ పేరు వేరే ఉంది: 'బేన్ నన్ కీఖన్', అంటే రొమ్ముల కొండ. కెయిర్న్‌గార్మ్‌లదీ అలాంటి కథే. 'అన్ కార్న్ గొరొమ్', అంటే నీలి కొండ, ఒకే ఒక్క శిఖరం పేరు. ఇంగ్లీషులో అది మొత్తం పర్వతాల గుంపుకే పేరైపోయింది. ఆ గుంపుని గేలిక్‌లో 'అమ్ మోనగ్ రూఅగ్' అంటారు, ఎర్రని కొండలు అని. గులాబీ ఛాయ గ్రానైటు మీద సాయంకాలపు ఎండ పడ్డప్పుడు చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. స్పే నదికి అవతలి వైపు కొండలు 'అమ్ మోనగ్ లీఅ', బూడిద రంగు కొండలు. ఎర్రవి ఇటు, బూడిదవి అటు. ఒకదాని పేరు పక్కన పెట్టకుండా రెండోదాని అర్థం రాస్తే సగమే రాసినట్టు.

పాత రాతలు వెతకండి

ఈ పని ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా అవుతుంది. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వాళ్ల మ్యాపుల సైటులో మూడు పొరలు చూడండి. తిమోతీ పాంట్ అనే మ్యాపుల గీతకారుడు 1580లు, 1590లలో గీసినవి మొదటివి. కల్లోడెన్ యుద్ధం అయ్యాక 1747 నుంచి 1755 వరకు విలియం రాయ్ నడిపించిన సైనిక సర్వే రెండోది. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు 19వ శతాబ్దంలో మైలుకి ఆరంగుళాల లెక్కన గీసిన పెద్ద మ్యాపులు మూడోవి. పాంట్, రాయ్ మ్యాపుల స్పెల్లింగులు చూసి నవ్వొస్తుంది గానీ, వాళ్లు చెవికి విన్నది విన్నట్టు రాసుకున్నారు. అందుకే అవి మనకు బంగారం. ఇప్పుడు నోట్లోంచి జారిపోయిన ఒక 'వ' శబ్దమో 'ఖ' శబ్దమో వాటిలో దొరకొచ్చు.

ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపుల వెనక నేమ్ బుక్కులు ఉన్నాయి. వాటిని వదలొద్దు. మ్యాపు మీద పెట్టే ప్రతి పేరుకీ స్పెల్లింగు ఏంటి, వేరే స్పెల్లింగులు ఏవి, ఎవరి మాట మీద ఖాయం చేశారు, ఎక్కడుంది, ఏమిటది అని గడులు కట్టి చేత్తో రాశారు. ఇవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నేను ముందు చూసేది 'ఎవరి మాట' అన్న గడి. అక్కడ ఎక్కువగా కనిపించేది ఎస్టేటు యజమాని, అతని మేనేజరు, చర్చి పాస్టరు, బడి పంతులు. గొర్రెల కాపరి మాటకు అంత విలువ ఉండేది కాదు. కొండ తెలిసినవాడు ఒకడు, సంతకం పెట్టినవాడు ఇంకొకడు. రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి చేసుకున్న మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నోటితో పలికింది వినండి

రాతకీ మాటకీ గేలిక్‌లో ఉన్నంత దూరం తెలుగువాళ్లకు వింతగా ఉంటుంది, మనం రాసినట్టే చదువుతాం కాబట్టి. కింగుసీ అని ఊరు పేరు రాస్తారు, పలకడం 'కింగ్‌యూసీ'. దాంట్లో కింగూ లేడు, గుస్సా లేదు. 'క్యౌన్ అ యూసిఖ్' అంటే పైన్ అడవి తలభాగం, అడవి మొదలయ్యే చోటు. గేలిక్ రాతలో ఉన్న జీ, హెచ్ కలిసి నోట్లో 'య' అయ్యాయి. ఇవన్నీ కంటితో తెలియవు, చెవితోనే తెలుస్తాయి.

ఎవర్ని అడగాలి? గొర్రెలు మేపినవాళ్లు, జింకల వేటకు దారి చూపే స్టాకర్లు, గేమ్‌కీపర్లు, పుట్టినప్పటినుంచీ అదే పొలంలో ఉన్న ముసలివాళ్లు. వాళ్లకు గేలిక్ రాకపోయినా ఫర్వాలేదు. తాత నోట విన్న పేరుని వాళ్లు ఇంగ్లీషు మాటల మధ్య అలాగే పలుకుతారు. ఆడమ్ వాట్సన్ అనే పర్యావరణ శాస్త్రవేత్త డీ నది ఎగువ లోయలో దశాబ్దాలపాటు ఇదే చేశారు. ఆ లోయ గేలిక్ యాసను ఉగ్గుపాలతో నేర్చుకున్న చివరి మనిషి 1984లో పోయింది. ఆ తర్వాత వెళ్లినవాళ్లకు అడగడానికి ఎవరూ లేరు.

గేలిక్ వచ్చిన పెద్దవాళ్లతో ఒకటి రెండు మాటలైనా గేలిక్‌లో కలపాలనుకుంటే మర్యాద రూపం వాడండి. 'నువ్వు'కి 'ఊ', 'మీరు'కి 'శివ్'. అవును, శివ్. మనకు మర్చిపోవడం కష్టం.

కూర్చోగానే 'దీనికి అర్థమేంటి' అని మాత్రం అడగొద్దు. మర్యాదస్థులు ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు, అది మీరు రాసుకుంటారు. మ్యాపు బల్ల మీద పరవండి. పెద్ద సైజులో వేయించిన ఫోటోలు ఉంటే ఇంకా మంచిది. గొర్రెల్ని ఏ వైపు నుంచి తోలుకొచ్చేవారు, మంచు చివరిదాకా ఎక్కడ ఉండేది, చిన్నప్పుడు ఎక్కడికి వెళ్లొద్దనేవారు, ఇవి అడగండి. పేర్లు వాటంతటవే రాలతాయి. పేరు వచ్చాక 'ఇంకొక్కసారి అనండి' అని రెండుసార్లు పలికించుకోండి, ఒకసారి విడిగా, ఒకసారి వాక్యంలో. 'దానిమీద ఏదైనా కథ ఉందా' అన్నది చిట్టచివర.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. కెటిల్ మరుగుతున్నప్పుడు వద్దు. ఒకసారి గంటసేపు మాట్లాడినదంతా కుక్కర్ విజిల్ కింద పోయినంత పనైంది నాకు. బయట గాలిలో రికార్డింగు ఆశ వదులుకోండి. మొదలుపెట్టేముందే ఆడియో దేనికి వాడతారో, వాళ్ల పేరు పెట్టొచ్చో లేదో అడిగి ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. పాత గొంతులు కావాలంటే 'తోపర్ అన్ దువల్ఖిష్' అనే ఆడియో భాండారం ఆన్‌లైన్‌లో ఉంది. 1951లో ఎడిన్‌బరాలో మొదలైన స్కాటిష్ అధ్యయనాల పాఠశాల వాళ్ల టేపులు కూడా అందులోనే వినొచ్చు.

కావలసినంత గేలిక్

భాష మొత్తం రానక్కర్లేదు, ఓ యాభై అరవై మాటలు చాలు. ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: మనకు నల్ల కొండ, వాళ్లకు కొండ నల్ల. వస్తువు ముందు, గుణం వెనక. 'మోర్' అంటే పెద్ద. కొన్ని మాటల తర్వాత అది 'వోర్' అవుతుంది. ఎమ్ పక్కన ఒక హెచ్ వచ్చి చేరుతుంది, శబ్దం మెత్తబడుతుంది. 'మ్యౌల్ మోర్' పెద్ద గుండ్రటి కొండ, 'బేన్ వోర్' పెద్ద కొండ. రెండూ ఒకే మాటే. ఇది తెలియక చాలామంది నిఘంటువులో 'వోర్' కోసం వెతుకుతారు. గేలిక్ నిఘంటువులో వీ అక్షరమే ఉండదు.

కొండకు వాళ్లకు బోలెడు మాటలు. కార్న్ రాళ్లగుట్ట లాంటిది, మ్యౌల్ బోడిగుండులా గుండ్రంగా ఉండేది, స్గూర్ కోసుగా నిలబడేది, స్తోప్ మొద్దులా పొడుచుకొచ్చేది. అన్నిటికీ 'కొండ' అని రాసేస్తే అసలు సంగతి పోతుంది. మిగతావి చాలావరకు ఒంటి భాగాలు. క్యౌన్ తల, స్త్రోన్ ముక్కు, గూలన్ భుజం, ద్రుయ్మ్ వీపు. స్త్రోన్ అని ఉంటే 'ముక్కు' అని మాత్రమే కాదు, 'లోయలోకి ముక్కులా సాగిన కొండ అంచు' అని రాయండి. 'కొరె' అంటే వంటకు నీళ్లు కాచే కాగు. మంచునది తొలిచి వదిలిన గుండ్రటి లోతైన పల్లానికి ఆ పేరు. అంచుమీద నిలబడి కిందికి చూస్తే పొగమంచు నిజంగా కాగులో ఆవిరిలా తిరుగుతూ ఉంటుంది. ఇంతకంటే మంచి మాట మనవాళ్లు కూడా పెట్టలేరు.

రంగుల దగ్గర కాస్త ఆగండి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. 'గొరొమ్' నీలం అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ పచ్చగడ్డి కూడా గేలిక్‌లో గొరొమే. 'గ్లస్' బూడిదా అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. దీనికి మనం ఆశ్చర్యపోకూడదు. పచ్చగడ్డిలోనూ పచ్చే, పసుపుపచ్చలోనూ పచ్చే అంటాం కదా. అర్థం గడిలో 'నీలం' అని ఒక్క మాట గీకే బదులు 'గొరొమ్: దూరపు నీలం లేదా గడ్డి పచ్చ, చూసి తేల్చాలి' అని రాసి వదిలేయండి.

అన్నీ గేలిక్ అనుకోకండి కూడా. పిట్‌లాఖ్రీలో 'పిట్', అబర్‌డీన్‌లో 'అబర్' అంతకుముందు అక్కడున్న పిక్ట్ జనాలవి. పడమటి దీవుల్లో 'వల్' అని ముగిసే కొండలు, 'బోస్ట్' అని ముగిసే ఊళ్లు వైకింగులు తెచ్చిన నార్స్ భాషవి. అలాంటి పేరుకి గేలిక్ నిఘంటువు తెరిస్తే అది కూడా ఏదో ఒక అర్థం ఇస్తుంది, అదే ప్రమాదం.

వెళ్లి చూడండి

పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి చూశాడో అక్కడ మీరూ నిలబడాలి. శిఖరం మీద నిలబడితే ఆ శిఖరం ఆకారం కనిపించదు. ఊరి నుంచి, పశువుల దారి నుంచి, వేసవి మేత గుడిసెల దగ్గర్నుంచి చూడాలి. ఆ గుడిసెలు ఉన్న చోటుని 'ఆరి' అంటారు, తూర్పు వైపు 'రుయ్' అంటారు. ఎండాకాలం ఆడవాళ్లు, పిల్లలు ఆవుల్ని తోలుకుని కొండమీదికి వెళ్లి వెన్న, చీజు చేసుకునేవారు. మ్యాపులో ఆ మాట కనిపిస్తే నేల మీద వెతకండి: చుట్టూ గోధుమరంగు హెదర్ పొదలు, మధ్యలో ఒక ముక్క మాత్రం లేత పచ్చగా, రాళ్ల పునాది గుర్తులతో. ఎన్నో తరాల పేడ ఇంకా ఆ గడ్డిలో ఉంది. అది దొరికినప్పుడు ఆ పేరు మీద అనుమానం ఉండదు.

చెట్ల పేర్లు, జంతువుల పేర్లు ఉన్నచోట అవి ఇప్పుడు ఉన్నాయా లేదా రాసుకోండి. పైన్, బర్చ్ పేర్లతో ఉన్న వాగుల పక్కన ఇప్పుడు ఒక్క చెట్టు కూడా లేని చోట్లు చాలా ఉన్నాయి. అలాగని అక్కడ ఒకప్పుడు కీకారణ్యం ఉండేదని తేల్చేయకండి. చుట్టూ ఏమీ లేనిచోట ఒంటరిగా ఉన్న చెట్టుకే పేరు పడుతుంది. మన ఊళ్లలో 'ఒంటిమామిడి' అన్నట్టు.

నడవడానికి అనుమతి గొడవ లేదు. 2003 భూసంస్కరణల చట్టం ప్రకారం బాధ్యతగా నడిచే ఎవరికైనా స్కాట్లాండ్ కొండల మీద తిరిగే హక్కు ఉంది. జింకల వేట రోజుల్లో మాత్రం ఎస్టేటు వాళ్లని ఒక మాట అడిగి వెళ్లండి. వానకోటు, దిక్సూచి మామూలే. మిడ్జెస్ అనే చిన్న ఈగల గురించి ఎంత చెప్పినా తక్కువే, తలకు వల తీసుకెళ్లండి.

ఇప్పుడు అర్థం రాయండి

మూడు వరుసలుగా రాయండి. మొదట మాటకి మాట. తర్వాత నేల మీద అది దేనికి సరిపోతుంది. చివర ఎంత నమ్మకం: ఖాయం, కావచ్చు, తెలియదు. కెయిర్న్ టూల్ చీటీ నా దగ్గర ఇప్పుడు ఇలా ఉంది: 'కొట్టపు కొండ. దూరం నుంచి శిఖరం కొట్టం కప్పులా ఉంటుంది. ఖాయం.' పైన 'చిల్లు కొండ' అన్నది కొట్టేశాను గానీ చెరిపేయలేదు. బెన్ నెవిస్, 1,345 మీటర్లు, దేశంలో అన్నిటికంటే ఎత్తైన కొండ. దాని చీటీలో 'నది పేరు నుంచి వచ్చి ఉండొచ్చు. అర్థం మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు' అని ఉంది. అలా ఉండటంలో తప్పేం లేదు.

బూతుంటే బూతే రాయండి. కెయిర్న్ టూల్ పక్కనే డెవిల్స్ పాయింట్ అని 1,004 మీటర్ల కొండ. గేలిక్‌లో 'బోత్ అన్ జెవన్', దయ్యపు పురుషాంగం. ఇంగ్లీషులో మర్యాదగా 'పాయింట్' చేశారు. విక్టోరియా రాణి దాని అర్థం అడిగితే పక్కనున్న ఆమె సేవకుడు జాన్ బ్రౌన్ సిగ్గుపడి అలా చెప్పాడని కథ. కథని కథ గడిలో పెట్టండి, అర్థం గడిలో వద్దు. కథ నిజం కాకపోవచ్చు, కానీ జనం దాన్ని చెప్పుకుంటున్నారన్నది మాత్రం నిజమే.

మీ గేలిక్ రాత సరిపోయిందో లేదో చూసుకోవడానికి స్కై దీవిలో ఉన్న 'ఎన్యమన్ ఆచ్య న హాలప' అనే సంస్థ ఆన్‌లైన్ పట్టిక ఉంది, గేలిక్ ఊరి పేర్ల స్పెల్లింగు తేల్చేది వాళ్లే. అక్కడ లేని చిన్న పేర్లకు స్థానికులు పలికినదాన్నే నమ్ముకోండి. వాళ్ల పలుకు నిఘంటువుతో కుదరకపోయినా సరిదిద్దొద్దు, రెండూ పక్కపక్కన పెట్టండి.

అయ్యాక షీటు, ఒరిజినల్ ఆడియో రెండు చోట్ల దాచండి. ఒక కాపీ ఆ ఊరి చరిత్ర సంఘానికి ఇవ్వండి. ఇంకో కాపీ మీకు పేర్లు చెప్పిన పెద్దాయనకో పెద్దావిడకో, ఫోనులో కాదు, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి. ఇచ్చేటప్పుడు పక్కన ఒక పెన్సిల్ పెట్టి కాసేపు అక్కడే కూర్చోండి. మ్యాపు మీద వేలు పెట్టి 'ఇదిక్కడ కాదు, వాగుకి అవతల' అంటారు. ఆ మాట మీదే మరచిపోయిన ఇంకో రెండు పేర్లు బయటికొస్తాయి.